రాతి చలువ

ఆ పొద్దున నల్లమల మీద మబ్బు దట్టంగా పేరుకుని ఉంది. కురవడం లేదు. దాని అడుగునుంచి ఎర్రటి వెలుగు మాత్రం ఆళ్లగడ్డ మీదికి జారుతోంది. ఆ వెలుగులో జీవమ్మ శిల్పాల కొట్టంలో నంది ముందు కూర్చుని, సానరాయిని నీళ్లలో ముంచి నంది చెక్కిలి మీద గుండ్రంగా రుద్దుతోంది. రుద్దినచోట బూడిదరంగు పోయి, లోపలినుంచి నలుపు ఉబికి వస్తోంది.

అది ఆమెకు బహిష్టు రెండో రోజు. పెద్దమనిషైనప్పటినుంచి రెండో రోజంటే చాప, గుండెకు ముడుచుకున్న మోకాళ్లు, పళ్ల మధ్య కొంగు. అట్లాంటి రోజున తను పనిలో ఉంది! అది తలుచుకున్నప్పుడల్లా చెయ్యి ఇంకా జోరుగా తిరుగుతోంది.

కొట్టం యజమాని ఆనందరావు వచ్చి నిలబడ్డాడు. మైల అని ఆయన ఎన్నడూ అనలేదు. గుడి చేరేదాకా అది రాయే అంటాడు. ఆయన బాధ వేరే.

"మధ్యాన్నం లారీ వస్తాదమ్మా. ఈసారి కూడా నడిమధ్యలో పండుకుంటివా, మొగాలు రుద్దే పనికి ఇంకో మనిషిని పెట్టుకుంటా."

"అయితాదన్నా."

"రాతి చలువ పట్టింది, ఈ పని మానుకోమంటే ఇనవు."

తడిరాయి దగ్గర కూర్చునే ఆడవాళ్లకు దాని చలువ కడుపులోకి దిగుతుందని కొట్టంలో అందరి నమ్మకం. జీవమ్మా నమ్మింది. గోనెపట్టా మడతలేసి కూర్చుంది. ఎండాకాలంలోనూ నడుముకు ఉన్నిగుడ్డ చుట్టింది. తను బిడ్డను తోమినట్టు తోమే రాయే తనను తింటోందని లోలోపల దాని మీద పగ పెంచుకుంది.

పోయినేడు భర్త మోషే నంద్యాల తీసుకుపోయాడు. డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి ఎండోమెట్రియోసిస్ అంది. గర్భసంచి లోపలి పొరలాంటిదే బయట కూడా మొలిచి, నెలనెలా అక్కడ వాపు తెస్తుందట. పూర్తిగా పోతుందని చెప్పలేను, అదుపులో పెట్టుకోవచ్చు అంది. జీవమ్మ ఒకటే అడిగింది.

"అయితే రాయి తప్పు లేదా తల్లీ?"

"రాయేం చేసిందమ్మా?"

ఇంటికొచ్చేదాకా బస్సులో ఆమె నవ్వుతూనే ఉంది. మోషేకు ఏమీ అర్థం కాలేదు.

ఆనాటినుంచి మాత్రలు తప్పలేదు. పొద్దున్నే చేలగట్ల వెంట నడక, కొర్రన్నం, ఆకుకూర, అవిసెల పొడి. వాము నీళ్ల సంగతి అడిగితే, సుఖంగా ఉంటే తాగు గానీ మాత్ర మానొద్దు అంది డాక్టరమ్మ. కొన్ని నెలలు ఏ మార్పూ లేదు. తర్వాత నొప్పి కొంచెం కొంచెంగా పక్కకు జరిగింది.

ఈ పొద్దు రుద్దుతూ నంది కంటి దగ్గరికొచ్చేసరికి నొప్పి వచ్చింది. నడుములో పుట్టి తొడల్లోకి దిగింది. సానరాయి చేతిలోంచి జారింది. నంది మూపురం రుద్దుతున్న మస్తాన్‌బీ తల తిప్పి చూసింది.

"ఏమ్మే, వచ్చెనా నీ సుట్టం?"

"వచ్చెనక్కా."

"జరుగు, కండ్లు నేను రుద్దుతా."

"నీ చేతికిస్తే మెల్లకన్నొస్తాది."

"ఓయబ్బో! పానం పోతాన్నా నోటికేం తక్కువ లే!"

తిడుతూనే ఆమె పొయ్యి మీద ఉప్పు వేయించి, గుడ్డలో మూటకట్టి తెచ్చింది. జీవమ్మ దాన్ని చీర మీదుగా పొత్తికడుపుకు ఆనించి తువ్వాలుతో కట్టుకుంది. పొట్ట నిండా ఊపిరి తీసి వదులుతూ కొట్టం చుట్టూ నడిచింది. మునుపైతే ఇది వచ్చి మనిషిని పడేసేది. ఈ పొద్దు పక్కనే నడుస్తోంది. అంతే! ఆమెకు పరుగెత్తాలనిపించింది. తిరిగొచ్చి కూర్చుంది.

"ఉందా, పోయిందా?"

"ఈడనే ఉంది. కూచోమంటి దాన్ని."

ఇద్దరూ పగలబడి నవ్వారు. జీవమ్మ సానరాయి అందుకుంది. ఒక కన్ను తేలింది. రెండోదీ తేలింది. ఆనందరావు వంగి చూశాడు. నంది నుదుటి నునుపులో ఆయన మీసం కనబడింది. దాన్ని సరిచేసుకున్నాడు.

"వచ్చేనెల అమ్మవారి మొగముంది. నువ్వే రావల్ల," అన్నాడు.

లారీ వచ్చింది. గొలుసులు బిగిశాయి. నంది మెల్లగా లేచి, గోనెసంచుల మధ్య ఒదిగి, నంద్యాల దారి పట్టింది. చెయ్యి ఊపినవాళ్లెవరూ లేరు.

మోషే కొర్రన్నం, గోంగూరపప్పు తెచ్చాడు. ఆనందరావు, మస్తాన్‌బీతో కలిసి నలుగురూ నీడలో కూర్చున్నారు. ముద్ద తర్వాత ముద్ద తిన్నారు. ఎదురుగా ఇసుకమెత్తలో నంది మడిచిన కాలి గుంట మిగిలింది. అందులో సాననీళ్లు ఇంకా ఇంకలేదు.