ఆడ నావ లేదు

పొద్దుగాల వాకిట్ల సాంపి చల్లి, దుకాణం తెరిచి, ఉప్పు గోనె బయట పెట్టినంక కుసుమాంబ పిలుపుల పని చూస్తది. సిరోంచల ఎవలకు ఎవలను పిలిపియ్యాలన్నా ఆమె దగ్గరికే వస్తరు. ఇంటిపేరు, పేరు చెప్తే చాలు. ప్రాణహిత దిక్కు తిరిగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టి పిలుస్తది. ఆ మనిషి అహేరిల ఉన్నా, నాగ్‌పూర్‌ల ఉన్నా, చెవి పక్కన్నే పిలిచినట్టు వింటడు. ఫోన్లు వచ్చినంక ఈ గిరాకి తగ్గుతదని కొడుకు సంకేత్ అనుకున్నడు గానీ, ఏటపల్లి దిక్కు సిగ్నల్ సంగతి తెల్వందెవలకు? జనం ఇంకింత ఎక్కువనే వస్తున్నరు.

ఆ పొద్దు రాజక్క వచ్చింది, బిడ్డ దీపాలిని తోలుకొని. రాజక్కది అడివి పక్క పల్లె. ఇప్పపువ్వు, తునికాకు ఏరి, ఉన్నంత చెలక దున్నుకొని బతుకుతది. మొగడు భీము పోయి చానేండ్లాయె. కొడుకు వినోద్ దసరాకు పుణె పోయిండు, కంపెనీ పనికి. హోలీ దాటినంక ఫోన్ ఎత్తుడు బంద్ జేసిండు.

"జర పిలువవే అవ్వా. మంచిగున్నడో లేడో కూడ ఎరుక లేదు," అన్నది రాజక్క.

"ఇంటిపేరేంది?"

రాజక్క తల వంచుకున్నది. దీపాలే చెప్పింది. "లేదు."

"ఇంటిపేరు లేకుంట ఎట్లుంటరే?"

"మా ఇంటిపేరే 'లేదు' అవ్వా. బడిల, ఆధార్‌ల అంతట అట్లనే ఉన్నది. వినోద్ భీము లేదు."

దుకాణంల ఉన్నోళ్లు నవ్విండ్రు. నవ్వుతరు మరి, వాళ్లదేం పోయింది? బడిల హాజరు పిలిచినప్పుడల్లా సార్ "వినోద్ లేదు" అంటే, "లేదు గాదు సార్, లేడు అనాలె" అని పోరగాండ్లు ఇకిలించేటోళ్లు, పోరడు వాళ్ల నడుమనే కూసొని ఉండంగ. పుణె బస్సెక్కేటప్పుడు తల్లితోని అన్నడు: "పేర్లనే లేనోన్ని, ఇంట్ల ఉంటే ఏంది, లేకుంటే ఏంది." ఆ మాటకు రాజక్కకు అన్నం సయించకుంట అయింది.

కుసుమాంబ నది దిక్కు తిరిగి పిలిచింది. పిలుపు అందితే ఆమె చెవి జుమ్మంటది. ఎంత సేపు చూసినా చెవి ఊకున్నది.

"లేదు అని పిలిస్తే ఎవడు పలుకుతడు బిడ్డా? ఇది మీ ఇంటిపేరు గాదు. అసలుది కనుక్కొని రా. పిలిచే పూచీ నాది," అన్నది.

కనుక్కునుడు అంత అల్కగ అయ్యే పని గాదు. భీము నాయన ఏటి పైనుంచి చిన్న పోరన్ని ఎత్తుకొని ఒంటిగ వచ్చిండు. కొడుకును బడిల ఏసిండు, ఆ వానకాలమే జరమొచ్చి పోయిండు. భీము మంది ఇండ్లల్ల పెరిగిండు. బడి కాయిదంల ఏమున్నదో అదే ఆయనకూ తెలుసు. ఆయన చేరిన దినమే బడిల చేరిన ఆదయ్య మాత్రం పాతగూడెంల ఉన్నడు. తల్లీబిడ్డలు బస్సెక్కిండ్రు.

ఆదయ్య ఇంద్రావతి ఒడ్డుకు కూసొని వల కుట్టుకుంటున్నడు. సంగతి విని నవ్విండు, నవ్వి తువ్వాలతోని కండ్లు తుడుసుకున్నడు.

"నేను ఆన్నే ఉన్న. సార్‌కు తెలుగు రాదు, మాకు మరాఠీ రాదు. 'ఆడనావ్ కాయ్?' అని అడిగిండు. మరాఠీల ఆడనావ్ అంటే ఇంటిపేరని మాకేం ఎరుక? మీ తాతకు 'ఆడ నావ' అని ఇనపడ్డది. రేవుల నావ ఉన్నదా అని అడుగుతున్నడు గావచ్చని, 'లేదు సార్' అన్నడు. సార్ అదే రాసుకున్నడు."

దీపాలికి నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే. "మరి అసలు పేరేంది పెద్దబాపూ?"

"మీ తాత ఊకున్నడా? రొమ్ము మీద చెయ్యి పెట్టుకొని, 'నావ లేదు సార్, మేం తెప్పలోళ్లం' అన్నడు. అప్పటికే సార్ కలం మూసిండు. మీరు తెప్పలోళ్లు బిడ్డా. టేకు దుంగలు తెప్పలు గట్టి, వరద మీద నిలబడి గోదారిల కలిపినోళ్లు. మీ వంశపోళ్లు వస్తుంటే రెండొడ్ల జనం నిలబడి చూసేదని మా నాయన చెప్పేటోడు."

తిరుగు బస్సుల రాజక్క కిటికీ పక్కన కూసున్నది. నీళ్లు కనపడ్డప్పుడల్లా బిడ్డను మోచేత్తోని పొడిచి చూపెట్టింది.

ముచ్చటంతా విని కుసుమాంబకు ఎంత సంబురమైందంటే, పిలిచేటప్పుడు వినోద్ పేరు మర్చిపోయి ఇంటిపేరు ఒక్కటే పిలిచింది, పొడుగ్గా, ఊపిరి అయిపోయేదాక. రెండు చెవులూ జుమ్మన్నయ్. పొద్దుగూకేదాక జుమ్మంటనే ఉన్నయ్.

వినోద్ వచ్చిండు. సంచి అరుగు మీద పెట్టి తల్లి ముందట నిలబడ్డడు.

"కంపెనీ గేటు కాడ ఇనపడ్డదమ్మా. ఆ పేరు నేనెన్నడు వినలే. గానీ నన్నే అని నా కాళ్లకు ఎరుకయింది," అన్నడు.

రాజక్క తాత ముచ్చట చెప్పింది. పోరడు మళ్ల మళ్ల అడిగి చెప్పిచ్చుకున్నడు.

ఆ తర్వాత మిగిలిన తెప్పలోళ్లు వచ్చుడు షురూ అయింది. పాతగూడెం వంతెన దాటి ఛత్తీస్‌గఢ్ దిక్కు నుంచి వచ్చిండ్రు, గోదారి కింద భద్రాచలం దిక్కు నుంచి వచ్చిండ్రు. "మమ్ముల ఎవలో పిలిచిండ్రు" అనుకుంట పిల్లాజెల్లతోని బస్సులు దిగిండ్రు. నా అన్నోళ్లు లేరని అనుకున్న రాజక్క, వాడకట్టంత తిరిగి పళ్లేలు అడుక్కొచ్చింది. వాకిట్ల ఎవలకెవలు బాబాయి, ఎవలకెవలు బావ అని ఒకటే లొల్లి.

అండ్ల ఒక ముసలమ్మ ఉన్నది, వినోద్ తాతకు సొంత చెల్లె. అన్న కోసం ఎదురుచూసుకుంటనే తల నెరిసిపోయింది. నీళ్లు పోస్తున్న పోరని గదుమ పట్టుకొని మొఖంలకు చూసింది.

"ఎవల కొడుకువురా నువ్వు?"

వినోద్ చెంబు కింద పెట్టి నిటారుగ నిలబడ్డడు. వాకిట్ల అందరికి ఇనపడేటట్టు చెప్పిండు.

"తెప్పల భీము కొడుకును బాపమ్మా. తెప్పల వినోద్‌ను."

ముసలమ్మ పక్కకు జరిగి, చాప మీద తన పక్కన జాగ ఇచ్చింది.