అవతలి సీటు

పెద్ద లైను మీద ఇంజను నడిపేటప్పుడు క్యాబులో ఇద్దరుంటారు. సిగ్నల్ కనబడగానే ఒకరు దాని రంగు పైకి చెప్పాలి. రెండోవారు తమ కళ్ళతో చూసి అదే మాట తిరిగి చెప్పాలి. ఒకరి కన్ను పొరబడినా రెండోవారి కన్ను ఆదుకుంటుందని ఆ పద్ధతి. డ్రైవరు తన సర్వీసంతా అలా చెబుతూ, చెప్పించుకుంటూ గడిపాడు.

ఆయన రిటైరైన కొన్నాళ్ళకే ఆయన నడిపిన డీజిల్ ఇంజనూ రిటైరైంది. ఒక సిమెంటు ఫ్యాక్టరీ దాన్ని కొని, పసుపు రంగు పూసి, గని నుంచి సున్నపురాయి లాగే పనిలో పెట్టింది. దాని మొండితనం తెలిసినవాడు కావాలని ఆయన్నీ పిలిచింది. ఇద్దరికీ మళ్ళీ పెళ్ళి చేశారని ఫ్యాక్టరీలో ఇంజను బాగుచేసే ఫిట్టరు నవ్వేవాడు. తలుపు పక్కన చెయ్యి పెడితే కొత్త రంగు కింద పాత నంబరు తగిలేది. ఒకప్పుడు తెల్లారేలోపు ఎన్నో ఊళ్ళు దాటించిన ఇంజను ఇప్పుడు సైకిలు కంటే మెల్లగా పోతోంది. ఆ మాత్రం దానికి ఇద్దరు దండగన్నారు. అవతలి సీటు ఖాళీ. దాని మీద ఆయన అన్నం డబ్బా కూడా పెట్టేవాడు కాదు.

ఆ చిన్న లైను ఒక్కచోట పెద్ద లైనును దాటుతుంది. అక్కడొక సిగ్నల్. దాని ముందు బండి ఆపి, రంగు చూసి కదలాలి. ఆయన రోజూ ఆపేవాడు. "గ్రీన్" అని పైకి చెప్పేవాడు. తిరిగి చెప్పడానికి పట్టేంతసేపు ఊరుకుని అప్పుడు కదిలించేవాడు.

ఒకసారి ఫిట్టరు పక్కనుండి విన్నాడు. "ఎవరితో తాతా కబుర్లు? ఇంజనుకి చెవులొచ్చాయా?"

"నీకు రానివి దానికొచ్చాయిలే" అన్నాడు డ్రైవరు.

ఇంట్లోనూ అదే అలవాటు. పొయ్యి ఆర్పి "గ్యాస్ కట్టేశాను" అనేవాడు. భార్య ఉన్నన్నాళ్ళూ అవతలి గదిలోంచి వెటకారంగా "కట్టేశారు" అని పలికేది. ఆవిడ పోయాక కూడా ఆయన మానలేదు. పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుని నాలుగు మాటలు చెప్పుకునేవాడు. అక్కణ్ణుంచీ జవాబు రాదు. అందుకని చెప్పడం మానతామా? వింటున్నాడో లేదో అన్న అనుమానం మాత్రం అప్పుడప్పుడూ వచ్చేది. వచ్చినందుకు మళ్ళీ ఆ దేవుడికే క్షమాపణ చెప్పుకునేవాడు.

ఒక ఉదయం, ఎండ ఏటవాలుగా కళ్ళలో పడుతుండగా, సిగ్నల్ ముందు బండి ఆపి "గ్రీన్" అన్నాడు. బ్రేకు విడవబోతూ అలవాటు కొద్దీ ఆగాడు. ఆ కాస్త నిశ్శబ్దంలో ఒక సందేహం కలిగింది. చూసి అన్నానా, రోజూ అంటున్నాను కనుక అన్నానా?

దిగాడు. నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని స్తంభం కిందికి నడిచాడు. ఎర్ర దీపం.

ఆయన ఇంకా తలెత్తి చూస్తుండగానే పెద్ద లైను మీద ప్రయాణికుల బండి దూసుకుపోయింది. కిటికీలో ఒక పాప చెయ్యి ఊపింది. ఆయన కూడా ఊపాడు.

చూసినవాళ్ళెవరూ లేరు. కంటి నరం ఎండిపోతోందనీ, చూపు ఇక బాగుపడదనీ డాక్టరు చెప్పిన సంగతి కూడా ఎవరికీ తెలియదు. నోరు మూసుకుంటే క్యాబు ఉంటుంది. నోరు విప్పితే ఇల్లు, మంచం, కట్టేసిన పొయ్యి. సాయంత్రం దాకా రాయి తోలుతూనే ఉన్నాడు, ప్రతిసారీ స్తంభం దాకా నడిచి వెళ్ళి చూస్తూ.

డ్యూటీ దిగి మేనేజరు గదికి వెళ్ళి అంతా చెప్పేశాడు. మేనేజరు ఆయనకు కూతురి వయసు ఆవిడ. ముందు కూర్చోమంది. ఆ ఇంజను తెలిసినవాళ్ళు అంత తేలిగ్గా దొరకరనీ, దొరికేదాకా ఎలాగో లాక్కురమ్మనీ అడిగింది.

"ఏం జరగలేదు కదా బాబాయ్?"

"తిరిగి చెప్పే మనిషి లేడమ్మా. ఇవాళ దేవుడు చెప్పాడనుకుందాం. రోజూ చెప్తాడని ఏముంది?"

ఇంటి దగ్గర ఏం చేస్తారని ఆవిడ మెల్లగా అడిగింది. ఆయన క్యాబు తాళం బల్ల మీద పెట్టి లేచాడు.

నడిపేవాడు లేక బండి ఆగిపోయింది. కొన్నాళ్ళకు కొత్త డ్రైవరు దొరికాడు, నడివయసువాడు. ఇంజను మర్మాలు నేర్పడానికి పెద్దాయన అవతలి సీట్లో కూర్చున్నాడు. చల్లటి పొద్దున అది ఎందుకు మొరాయిస్తుందో, ఎక్కడ తడితే లొంగుతుందో చెప్పాడు. మొదటి రోజు సిగ్నల్ దగ్గర కొత్తాయన "గ్రీన్" అని జవాబు కోసం ఇటు తిరిగాడు.

ఇన్నేళ్ళకు ఆ సీట్లో మనిషి ఉన్నాడు. కానీ చూడనిది చూశానని ఎలా అనగలడు?

"నా కంటికి ఆనదయ్యా" అన్నాడు. "ఇంకోసారి చూడు."

కొత్తాయన చూశాడు. మళ్ళీ చెప్పాడు. అప్పుడు కదిలారు. నేర్పడం పూర్తయ్యేదాకా అదే జవాబు.

ఆ తరువాత ఆయన ఇంట్లోనే ఉంటున్నాడు. ఇల్లు ఆ సిగ్నల్‌కి దగ్గరే. పొద్దున కాఫీ కాచుకుంటుంటే ఇంజను వచ్చి ఆగిన చప్పుడు వినిపిస్తుంది. ఆగి, గుడగుడమంటూ నిలబడుతుంది. ఆ నిలబడటం ఒక మాట పట్టేంతసేపు.

"ఇంకోసారి చూడు" అంటాడు ఆయన గోడ వైపు తిరిగి.

కూత వేసి బండి కదులుతుంది. చప్పుడు గని వైపు పూర్తిగా తగ్గిపోయేదాకా వింటాడు.

"గ్యాస్ కట్టేశాను" అంటాడు తరువాత. ఊరుకుంటాడు. లేచి వెళ్ళి ఇంకోసారి చూస్తాడు.