ఒక్క పూటలో నాలుగు సర్వీసులు

యంత్రం అమ్మినవాడు ఒకసారి వచ్చి పోతాడు. ఆ తర్వాత ఏడాదికొకసారి వచ్చేది ఆమె. కంప్యూటర్లకీ ప్రింటర్లకీ వారంటీ తీరిపోయాక, ఏడాది పొడుగునా మేం చూసుకుంటామని నిర్వహణ ఒప్పందాలు అమ్మడం ఆమె పని. పద్దెనిమిదేళ్ళుగా అదే పని చేస్తుండటంతో ఆఫీసుల్లో అందరికీ వారంటీ అక్కయ్య అయిపోయింది. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నట్టు, గుమ్మంలోంచే పొమ్మన్నవాళ్ళు కూడా రెండోసారికి కుర్చీ చూపించేవారు.

అంధుల బడిలో ఆ రోజు కుర్చీ చూపించలేదు. బ్రెయిలీ ప్రింటరు ఒప్పందం వారంలో ముగుస్తుందని ఆమె చెబుతుండగానే, కార్యదర్శి ఒక పరీక్షపేపరు తీసి బల్ల మీద పడేశాడు.

"చదవండి."

"నాకు బ్రెయిలీ రాదు కదండీ."

"మా పిల్లలకి వచ్చు. అయినా చదవలేకపోయారు. సగం చుక్కలు పైకి లేవనే లేదు. లెక్కల పరీక్ష మళ్ళీ పెట్టాల్సొచ్చింది." ఫైల్లోంచి నాలుగు సర్వీసు షీట్లు లాగాడు. "మీ మనిషి మూడు నెలలకోసారి వచ్చి శుభ్రం చేసినట్టు కాగితాలున్నాయి. అంటే పాడుచేసింది వాడినవాడే. మాస్టారిని నెలాఖరుకి పంపించేస్తున్నాం. ఇవాళ సాయంత్రం కమిటీలో తేలిపోతుంది. ప్రింటింగు ఇక బయటి ప్రెస్సుకే."

మాస్టారంటే ఆ ప్రింటరు నడిపి, వచ్చిన ప్రతి పేజీనీ వేళ్ళతో చదివి సరిచూసే మనిషి. ఆయనకూ చూపు లేదు. ఇరవై రెండేళ్ళ నుంచి పాఠ్యపుస్తకాలన్నీ ఆ వేళ్ళ కిందనుంచి దాటి పిల్లల చేతికి వెళ్ళినవే.

ఆమె షీట్లు తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. మాస్టారు గీత తప్పకుండా ఇనుప పట్టీ ఆనించి, కలం గట్టిగా నొక్కి సంతకం పెడతాడు. రెండో షీటు మీద మొదటి సంతకం ఒత్తు పడి ఉంది. నాలుగోదాని మీద మూడు సంతకాల ఒత్తులూ ఉన్నాయి. నాలుగు కాగితాలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి, ఒక్క పూటలో సంతకాలు చేయించారన్నమాట.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది ఆమెకి. వాటి కంపెనీ ప్రతులు నిరుడు ఒకే కవరులో ఆమె బల్ల మీదికే వచ్చాయి. అందులో మూడు తేదీలు అప్పటికింకా రానే లేదు. చూసింది. రెన్యువల్ వేళకి కాగితాలు సిద్ధంగా ఉంటే మంచిదే కదా అనుకుని ఫైల్లో పెట్టేసింది.

ప్రింటరు గదిలో మాస్టారు పాతగుడ్డతో యంత్రం మూత తుడుస్తున్నాడు.

"మాస్టారూ, ఈ నాలుగు సంతకాలూ ఒకేసారి పెట్టారు కదూ?"

చేతిలో గుడ్డ ఆగింది. "కళ్ళున్నవాళ్ళకి ఏం తెలుస్తుందిలే అనుకున్నానమ్మా."

ఆమెకి నవ్వు రాబోయి ఆగిపోయింది.

"మీ మెకానిక్ భార్యకి ఏడో నెల్లోనే కాన్పయింది. పిల్లని అద్దాలపెట్టెలో పెట్టారు. ఆస్పత్రికీ పనికీ మధ్య నలిగిపోతున్నాడు. నాలుగూ ఇటివ్వరా, సంతకం పెట్టేస్తాను, వీలున్నప్పుడు వద్దువుగానిలే అన్నాను. వీలు కాలేదు, పాపం."

"మరి చుక్కలు పడనప్పుడైనా చెప్పాలి కదా?"

"చెబితే వాణ్ని అడుగుతారు. పడని చుక్కల్ని నేనే చేత్తో పొడిచాను. ఏడు నెలలు అలాగే నెట్టుకొచ్చాను. పరీక్షలకి ఒక్కసారిగా మూడొందల పేజీలు వచ్చిపడ్డాయి. నాకున్నవి రెండు చేతులే."

"ఇప్పుడు నోరు విప్పకపోతే మీ ఉద్యోగం పోతుంది."

"విప్పితే వాడిది పోతుంది. ఇంట్లో నేనూ మా చెల్లెలూ. ఎలాగో గడుస్తుంది. వాడు పసిపిల్ల తండ్రి. నువ్వు కూడా చెప్పకు తల్లీ."

ఆమె మాటివ్వలేదు. వరండాలోకి వచ్చి మెకానిక్‌కి ఫోన్ చేసింది.

"పాప ఎలా ఉందిరా?"

"పాకేస్తోందక్కా! చేతికందిందల్లా నోట్లోకే. నిన్న నా స్క్రూడ్రైవర్ పట్టుకుంది."

"మాస్టారిని తీసేస్తున్నారు. నాలుగు సర్వీసులు చేయించినా యంత్రం పాడుచేశారట."

అవతల పనిముట్ల పెట్టె మూసిన చప్పుడైంది.

"నన్ను రమ్మంటావా అక్కా?"

"నేను రమ్మనను. కానీ నేను చేసింది మాత్రం సాయంత్రం చెప్పేస్తాను."

కమిటీ ముందు ఆమె నిలబడే మాట్లాడింది. నాలుగు షీట్లూ ఒకేసారి తన దగ్గరికి వచ్చాయనీ, తెలిసే దాచిపెట్టాననీ, తప్పు కంపెనీదీ తనదీ అనీ చెప్పింది.

"అంటే మా మాస్టారు దొంగ సంతకాలు పెట్టాడన్నమాట," అన్నాడు కార్యదర్శి.

"పెట్టాను," అన్నాడు మాస్టారు.

"ఎందుకు?"

"నాకోసమండీ," అంటూ మెకానిక్ గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో పనిముట్ల పెట్టె ఉంది. "ఒక్కసారే వచ్చాను. మిగతా మూడుసార్లూ రాలేదు. మా ఆఫీసులో కూడా చెప్పేసే వచ్చాను."

మాస్టారు తల వంచుకున్నాడు. "నీకెవడు చెప్పాడురా రమ్మని," అన్నాడు మెల్లగా.

కార్యదర్శి కాసేపు బల్ల మీద వేళ్ళు ఆడించాడు. తర్వాత లేచి బీరువాలోంచి ఈ ఏడాది అచ్చయిన సాంఘిక శాస్త్రం పుస్తకం తెచ్చి, దీపం కింద ఏటవాలుగా పట్టుకున్నాడు. యంత్రం వేసిన చుక్కలు గుండ్రంగా ఉన్నాయి. వాటి మధ్య వందల చుక్కలు కాస్త వాడిగా, కాస్త వంకరగా నిలబడి ఉన్నాయి. ఆయన పేజీలు తిప్పుతూ పోయాడు. ఏ పేజీ చూసినా అంతే.

"ఇవన్నీ మీరే పొడిచారా?"

"పిల్లలు చదవాలి కదండీ."

కార్యదర్శి పుస్తకం మూశాడు. మిగతా సభ్యుల వైపు చూశాడు. ఎవరూ కాదనలేదు.

"సంతకం పెట్టే పని ఇక మీకొద్దు మాస్టారూ. అది నేను చూసుకుంటాను. ప్రింటరు మాత్రం మీదే." ఆమె వైపు తిరిగాడు. "రెన్యువల్ మాత్రం ఇవ్వను."

"ఇవ్వకండి. బాకీపడ్డ మూడు సర్వీసులూ ముందు చేయనివ్వండి."

ఆఫీసులో తనకేమవుతుందో, మెకానిక్‌కేమవుతుందో ఆమెకి తెలియదు. రేపటి సంగతి రేపు. ప్రింటరు గదిలో మెకానిక్ మూత విప్పాడు. నెలల తరబడి పడిన కాగితం పొడి, చుక్కలు పొడిచే సూదుల మధ్య దూదిలా పేరుకుపోయి ఉంది. అతను కుంచెతో దులుపుతుంటే, ఆమె ఫోన్ లైటు పట్టుకుంది. గంట తర్వాత యంత్రం టకటకమంటూ ఒక పేజీని బయటికి తోసింది.

మాస్టారు వేళ్ళు పేజీ మీద మెల్లగా నడిచాయి.

"మూడో వరస ఇంకా లేవడం లేదురా," అన్నాడు.

మెకానిక్ మళ్ళీ మూత విప్పాడు.