స్లో పెంచడమంటే

నేను ఒక మరమేకుని. వేలెడంత కూడా ఉండను. మెడలో స్ప్రింగు, నెత్తిన గాటు. పాత నల్ల ఫియట్ కారులో, కార్బరేటర్ పక్కన నా చోటు. నడిపేవాడు ఎక్సలేటర్ మీంచి కాలు తీసేసినా ఇంజన్ ఆరిపోకుండా పట్టుకునేది నేనే. బిగిస్తే ఇంజన్ వేగం పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది. ఆ వేగాన్ని మెకానిక్కులు 'స్లో' అంటారు. మనుషులు ఎటూ తేల్చుకోలేక ఆగిన ప్రతిసారీ నాకు పని. అందుకే నాకు సెలవు దొరకదు.

లేత్ మీద ఇత్తడి కడ్డీలోంచి నన్ను తరిగారు. మొదట ఒక డాక్టరు. రోగి గుమ్మంలో కారు ఆగిపోతే పరువు పోతుందని నన్ను బిగించి ఉంచాడు. తరువాత ఒక కంట్రాక్టరు. పెట్రోలు మిగులుతుందని వదులు చేయించాడు. కారు ప్రతి రైల్వే గేటు దగ్గరా ఆరిపోయేది, ఆయన డ్రైవరుని తిట్టేవాడు.

ఆఖరికి భీమవరం సోమరాజు గారి భార్య అచ్యుతమ్మ చేతికొచ్చాను. ఆవిడే నడిపేది. చెవి ఒగ్గి విని, తాళం అంచుతో నన్ను కాస్త తిప్పేది. ఆవిడ పోయింది. పోయిన రోజున రాని ఆవిడ తమ్ముడు పెద్దిరాజు పెద్దకర్మకి వచ్చాడు. కడుపునిండా తిని, "అక్క కారు నాకిచ్చెయ్యి బావా" అన్నాడు. సోమరాజు గారు విస్తరి ముందు నుంచి లేచిపోయారు. కారు షెడ్డులో పడింది. అడగడం మాత్రం అతను మానలేదు.

ఈ ఏడు కాలేజీ గ్రౌండులో పాత కార్ల పండగ పెట్టారు. అందులో నిదానం పందెం. మొదటి గేరులో వదలాలి, కాళ్లు దేన్నీ తొక్కకూడదు, ఇంజన్ ఆరితే ఓడినట్టే. అవతల కట్టిన తాడు దగ్గరికి ఆఖరున చేరినవాడిది గెలుపు. పెద్దిరాజు తన జీపుకి పేరిచ్చాడు.

"నేను నెగ్గితే కారు తాళాలు నావి. ఓడితే ఇక జన్మలో అడగను బావా."

"సరే," అన్నారు సోమరాజు గారు.

 నేను పుట్టిందే ఇలాంటి రోజు కోసం.

పందేనికి కారుని సిద్ధం చేయడానికి మెకానిక్ జిలానీ షెడ్డుకి వచ్చాడు. ఇంజన్‌కి నిప్పురవ్వ పంచే డిస్ట్రిబ్యూటర్లో అరిగిపోయిన పాయింట్లు పీకేసి, ఆ చోట ఎలక్ట్రానిక్ కిట్టు బిగించాడు. తాళం తిప్పగానే ఇంజన్ గుప్పున అంటుకుంది. నిప్పురవ్వంటే అదీ. పాత పాయింట్ల నీరసానికి సరిపడా నన్ను బిగించి ఉన్నారేమో, ఈ కొత్త బలానికి ఇంజన్ రంకెలేసింది. ఆ రంకెలోనే జిలానీ రవ్వ పడే వేళ చూపించే టైమింగ్ లైటు పట్టి, గీతలు కలిపి, అయిపోయిందన్నాడు.

"స్లో పెంచు," అన్నారు సోమరాజు గారు.

జిలానీ నన్ను ఇంకో చుట్టు బిగించాడు. షెడ్డు రేకులు అదిరాయి.

"చెవులు పగలగొడతావేంట్రా?"

"స్లో పెంచమన్నారు, పెంచానండి."

"స్లో పెంచమంటే నిదానం పెంచమని."

"అలాగైతే స్లో తగ్గించమనాలండి, ఆయ్."

"స్లో తగ్గిస్తే వేగం పెరగదూ?"

"మీతో నేను వాదించలేనండి. ఏం కావాలో చేత్తో చూపించండి."

రాజుగారు అరచేయి కిందకి దించారు. జిలానీ నన్ను వదిలాడు. ఇంజన్ దగ్గి ఆరిపోయింది. మళ్లీ వేస్తే మళ్లీ ఆరింది.

"వాడికిచ్చేయడమేనేమో," అన్నారు రాజుగారు, గోడకేసి చూస్తూ.

"ఉండండి. ఇంజన్ పరుగులో ఉండగా టైమింగ్ కట్టేశాను. పరుగులో అది ఎలాగూ ముందుకు జరిగే ఉంటుంది. నెమ్మది మీద కట్టాలి."

టైమింగ్‌ని ముందుకు లాగే వాక్యూం పైపు పీకి మూతి మూశాడు. డిస్ట్రిబ్యూటర్ని వెంట్రుకవాసి తిప్పాడు, ఇంజన్ పుంజుకుంది. నన్ను కాస్త వదిలాడు. మళ్లీ దాన్ని, మళ్లీ నన్ను. అది కదిలితే నేను సర్దుకోవాలి, నేను కదిలితే అది. కాపురం చేసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. చివరికి ఇంజన్ నిద్రపోయే పిల్లి గురకంత మెత్తగా నిలబడింది. పైపు మళ్లీ తగిలించాడు. అంత కిందికి నేనెప్పుడూ దిగలేదు.

పందెం మొదలైంది. గ్రౌండంతా ఈలలు. రెండు బళ్లూ పాకుతున్నాయి. సగం దూరంలో మేం జీపు కన్నా మూరెడు ముందున్నాం. ముందుంటే ఓటమి. తాడు దగ్గరికొస్తోంది. నన్ను తిప్పడానికి ఇప్పుడు ఎవరి చేయీ అందదు.

సోమరాజు గారు పట్టపగలు హెడ్‌లైట్లు వేశారు.

జనం గొల్లుమన్నారు. "బావా, చీకటి పడిందా?" అని పెద్దిరాజు కేకేశాడు. నాకు మాత్రం తెలిసింది. లైట్లకి కరెంటు తీసే బరువు ఇంజన్ మీద పడింది. వేగం ఇంకా దిగింది. పాత పాయింట్లయితే అక్కడే ఆరేది. కొత్త రవ్వ నిలిచింది, నేనూ నిలిచాను. నవ్వుతూనే పెద్దిరాజు మమ్మల్ని దాటి, తాడు తెంపాడు.

గొడవ సద్దుమణిగాక అతను మా కిటికీ దగ్గరికొచ్చాడు. నవ్వు లేదు.

"ఇక అడగను బావా. ఒక్కసారి ఇందులో కూర్చోనా? అక్క పక్కన కూర్చునేవాణ్ణి."

రాజుగారు స్టీరింగు వదల్లేదు, ఎక్సలేటర్ తొక్కలేదు. చాలాసేపు. క్షమించారనుకోకండి, ఆయన అలాంటివారు కాదు. చెయ్యి చాపి పక్క తలుపు గడి తీశారు, అంతే.

అతను ఎక్కేదాకా ఇంజన్‌ని ఆరిపోనివ్వలేదు నేను.