చేప మీద పాకం

ఆ ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో ఉన్నది అమ్మ, నాన్న, అమ్మమ్మ, నేను, పిలవకుండానే వచ్చిన ఓజెల్లా పెద్దమ్మ. రేడియోను కూడా లెక్కలో వేసుకోవాలేమో. అమ్మ దాని మీద దుప్పటి కప్పేసింది.

పెద్దమ్మ నేను పుట్టకముందు నుంచే మిసిసిపీ రాష్ట్రమంతటా క్లబ్బుల్లో పాడుతోంది. జుట్టు నెరిశాక ఇప్పుడు ఒక పాట హిట్టయింది. రేడియో పెడితే అదే పాట, మంగలి షాపులో, బస్సులో, పత్తి మిల్లు దగ్గర అదే పాట. అందులో పాడటం మొదలుపెట్టే ముందు ఆమె కాసేపు మాట్లాడుతుంది. ఇంకొకరి మొగుడు తన ఇంటికొస్తాడట. వేయించిన చేప పెడితే దాని మీద జొన్నచెరకు పాకం పోసుకుని తింటాడట.

మా ఊళ్లో అలా తినేది నాన్న ఒక్కడే. చర్చి విందుల్లో అందరూ చూసి నవ్వినవాళ్లే. ఆ ఉదయం అమ్మ తెల్ల గ్లవ్స్ తొడుక్కుని చర్చి గుమ్మంలో వచ్చినవాళ్లకు స్వాగతం చెప్తూ విసనకర్రలు పంచుతుంటే ఒకావిడ అడిగింది, "ఏం వెర్లీన్, ఈ వారం పాకం సరిపోయిందా?"

"ఎందుకొచ్చావు?" అంది అమ్మ పెద్దమ్మతో, చేపలు బల్ల మీద పెడుతూ.

"అమ్మను చూడ్డానికి. నీ మొహం కోసం కాదులే."

"నా మొహం ఊరంతటికీ చూపించావుగా."

"ఒసే, అది పాట. స్టూడియోలో ఏదో ఒకటి మాట్లాడమన్నారు. నీ బల్ల దగ్గర చూసిందే నోటికొచ్చింది."

"అంతేనా, హోసియా?"

"ఆవిడ చెప్తోందిగా," అన్నాడు నాన్న తలెత్తకుండా.

"తినండర్రా," అంది అమ్మమ్మ. "చేప చల్లారిపోతుంది. మీ కొట్లాట ఎలాగూ చల్లారదు."

నాన్నకు పాకం సీసా అందించడం చిన్నప్పటి నుంచీ నా పని. చెయ్యి దానంతటదే వెళ్లింది. సీసా ఆయన కంచం పక్కన పెట్టాకగానీ ఏం చేశానో తెలియలేదు. అందరి ఫోర్కులూ ఆగిపోయాయి. పోసుకో నాన్నా, అని లోపల వేడుకున్నాను. ఎప్పటిలా పోసుకుంటే అది ఉత్త అలవాటు, పెద్దమ్మది ఉత్త పాట. వచ్చే ఆదివారం అమ్మ మళ్లీ చర్చి గుమ్మంలో నిలబడగలదు.

నాన్న సీసాను పక్కకు జరిపాడు. "ఇవాళ వద్దు."

"పెళ్లైన దగ్గర్నుంచీ ఒక్కసారి వద్దనలేదు," అంది అమ్మ మెల్లగా. "తప్పు లేనివాడివైతే పోసుకునేవాడివి."

పెద్దమ్మ లేచి, సంచీ తీసుకుని వెళ్లిపోయింది. టోపీ కుర్చీ మీదే ఉండిపోయింది. అమ్మమ్మ కళ్లతో సైగ చేసింది. నేను టోపీ పట్టుకుని వెనకాలే పరుగెత్తాను.

మెట్ల దగ్గర పెద్దమ్మ దాన్ని లాక్కున్నట్టు తీసుకుంది. "సీసా ఎవరు అందించమన్నారే నిన్ను?"

"నాన్న నీ ఇంటికొచ్చేవాడా?" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. ఆమెకు వినపడింది.

"మీ అమ్మనడుగు. ఇప్పుడు దానికీ తెలుసు."

వెనక్కి తిరిగాను. గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది.

"దాని టోపీ మోసేదానివి, దానితోనే పో," అని తలుపు వేసేసింది.