తుప్పు తిన్న పేరు

పేరులేని తుపాకి చేతికిస్తే చాలు, పాత తుపాకులు బాగుచేసే వెండెల్ స్ట్రాబ్ దాని జాతకం చెప్పేస్తాడని ఆ పెన్సిల్వేనియా కొండల్లో ప్రతీతి. వెనకటి రోజుల్లో ఇనుప సామాన్ల కొట్లు తమకు తోచిన పేర్లు చెక్కించి అమ్మిన జంట గొట్టాల తుపాకులంటే మాత్రం ఆయనకు చిన్నచూపు. తన బల్ల మీదికి కూడా రానిచ్చేవాడు కాదు.

ఆ ఉదయం ఆర్డిత్ తెచ్చింది అలాంటిదే. మూతపడిన బారు గోడ మీది సామాను వేలం వేస్తుంటే, ఎందుకో చూపు దాని మీదే నిలిచి కొన్నదట. పేరున్న చోటల్లా తుప్పు తినేసింది. పక్కనే ఒక ఫోటో పెట్టింది. అందులో ఆమె తండ్రి ఎల్వుడ్, వేటగాళ్ళ పద్ధతిలో తుపాకిని మధ్యకు మడిచి తెరిచి మోచేతి మీద వేసుకుని నవ్వుతున్నాడు. ఆమెకు ఎనిమిదేళ్ళప్పుడు అడవికోళ్ళ వేటకని వెళ్ళి మళ్ళీ రాలేదు. ఎవతెతోనో లేచిపోయాడని ఊరంతా అంది. తల్లీ అదే నమ్మింది.

"నాన్నదో కాదో చెప్పండి చాలు. కాకపోతే కాదనే చెప్పండి, నేనేం ఏడవను," అంది.

వెండెల్ భూతద్దం తీశాడు. తుపాకి తెరిచి ఉండబట్టి, ఫోటోలో గొట్టాల వెనక కొస కనబడుతోంది. అక్కడ రెండు గొట్టాల నడుమ ఇనుప నాలిక ఒకటి గుండ్రంగా పొడుచుకొచ్చి ఉంది, దాని మధ్యలో బెజ్జం. బల్ల మీది దానికీ అంతే. కానీ ఆ అచ్చువి వేలకు వేలున్నాయి, అది చాలదు. గొట్టాల కింది చెక్క చూశాడు. విరిగిన చోట ఎవరో సొంతంగా అతికి, రెండు ఇత్తడి మరలు బిగించారు. ఒకటి వంకర. ఫోటోలోనూ వంకరే.

వెండెల్ భూతద్దం కింద పెట్టేశాడు. ఆ వంకర మరను ఇదివరకే చూశాడు. ముప్పై ఏళ్ళ కిందట, బీవర్లనే నీటి జంతువులు వాగుకు కట్ట వేసి చేసిన మడుగు ఎండినప్పుడు బురదలో దొరికిందని ఒక బారువాడు తెస్తే, భూతద్దమైనా తీయకుండా, కొట్టు సరుకు, గోడకు తగిలించుకో పొమ్మన్నాడు. ఆ సంగతి కడుపులోనే దాచుకుందామనుకున్నాడు. మనసొప్పలేదు.

"మీ నాన్నదేనమ్మా. ఆయన ఎవరితోనూ పోలేదు. తుపాకి బీవర్ల మడుగు బురదలో దొరికింది. దాన్ని నీళ్ళలో పారేసి ఎవడూ లేచిపోడు. ఆ మడుగులోనే ఉండిపోయాడు," అని, మిగతాదీ చెప్పేశాడు.

ఆర్డిత్ తుపాకి మీద చెయ్యి వేసింది. 

"అప్పటికి అమ్మ బతికే ఉంది," అందామె. "ఆ రోజు మీరు సరిగా చూసుంటే, ఆయన కోసం ఏడ్చి కన్నుమూసుండేది. తిట్టుకుంటూ పోయింది."