తనే వద్దనుకుంది

"జ్యోత్స్నా, ఆ పై అరలోంచి ఆవకాయ జాడీ కాస్త అందించమ్మా. నీకైతే స్టూలు అక్కర్లేదు" అన్నారు మా అత్తగారు పుణ్యవతిగారు. ఆవిడ మాటలో వెటకారం ఉండదు. నిజంగానే మెచ్చుకుంటారు. ఐదడుగుల పదకొండంగుళాల కోడలు ఇంట్లో ఉంటే ఎంత సదుపాయమో కాకినాడలోని చెల్లెళ్లకి ఫోన్లో చెబుతుంటారు. నల్లగండ్లలోని ఈ ఫ్లాట్‌లో నా పొడుగుకి దొరికిన పని అదే. జాడీలు దించడం, ఫ్యాన్ల మీద దుమ్ము తుడవడం, కర్టెన్లు తగిలించడం. అంతకుముందు దానికి వేరే పని ఉండేది. రింగుకి తగిలి వెనక్కొచ్చే బంతిని అన్ని చేతుల మధ్య నుంచి నేనే అందుకునేదాన్ని. రైల్వే బాస్కెట్‌బాల్ టీమ్‌లో నేను సెంటర్‌ని. శేరిలింగంపల్లి సర్కారు బడిలో నేర్చుకున్న ఆటతోనే ఉద్యోగం తెచ్చుకున్నాను, ఇండియా జెర్సీ వేసుకుని బయటి దేశాలు చూశాను.

మా ఆయన ఉదయ్ భాస్కర్ నన్ను మొదట చూసింది కూడా కోర్టులోనే. స్నేహితుడితో సరదాగా ఒక మ్యాచ్‌కి వచ్చి, ఆ తర్వాత హైదరాబాద్‌లో నేను ఆడిన ప్రతి మ్యాచ్‌కీ వచ్చాడు. ఎత్తులో నాకంటే తక్కువ. అది అతనికి ఎప్పుడూ పట్టలేదు, మిగతావాళ్లకి పట్టింది. పెళ్లిలో ఫొటోగ్రాఫర్ అతని కాళ్ల కింద పీట వేయించాడు. "నువ్వూ కాస్త మోకాళ్లు వంచమ్మా, ఫొటోలో బాగుంటుంది" అని ఎవరో పెద్దావిడ నా చెవిలో చెప్పింది. వంచాను. ఆ తర్వాత ఎవరూ చెప్పకుండానే వంగడం అలవాటైంది. ఎత్తు మడమల చెప్పులు మానేశాను. భుజాలు ముందుకొచ్చేశాయి. ఒకసారి మా అమ్మ పోచమ్మ వచ్చినప్పుడు వంటింటి గుమ్మంలో నిలబడి నన్నే చూస్తూ, "ఏంది బిడ్డా, గిట్ల వంగి నడుస్తున్నవ్? నడుము నొస్తుందా? జర దవాఖానల చూపించుకో" అంది. నడుముకేం కాలేదమ్మా అన్నాను. మరి దేనికేమైందో ఆమెకి ఎలా చెప్పాలో తెలియలేదు.

మా పాప ప్రియదర్శిని పుట్టాక ఆట ఆగిపోయింది. ఫలానా రోజున ఆగిందని చెప్పలేను. "పాలు తాగే పిల్లని వదిలి క్యాంపుకా తల్లీ?" అన్నారు అత్తగారు, జాలిగా. "ఈ ఒక్క సీజన్ వదిలెయ్ జ్యో, వచ్చే ఏడాది చూద్దాం" అన్నాడు ఉదయ్, ప్రేమగా. కోపంగా అని ఉంటే పోట్లాడేదాన్నేమో. ప్రేమగా అన్న మాటతో ఎలా పోట్లాడతాం? పొద్దున లింగంపల్లిలో లోకల్ ట్రైన్ ఎక్కి సికింద్రాబాద్ వెళ్లి ఫైళ్లు చూసుకోవడం, సాయంత్రం ఇంటికొచ్చి పిల్లనీ పొయ్యినీ చూసుకోవడం. వచ్చే ఏడాది అన్న మాట మా ఇంట్లోనే ఐదేళ్లు ముసలిదైపోయింది.

పోయిన వారం వాసంతి మేడమ్ ఫోన్ చేశారు. నాకు బడిలో ఆట నేర్పినావిడ. మహిళలకి కొత్తగా ఒక లీగ్ పెడుతున్నారని, హైదరాబాద్ టీమ్‌కి తను కోచ్ అని చెప్పారు. "ఉరికే పిల్లలు మస్తు మందున్నరు జ్యోత్స్నా. రింగు కింద భయపడకుండ నిలబడే మనిషే దొరకలే. మూడు నెలల పని. శనివారం పొద్దుగాల గచ్చిబౌలి స్టేడియంల సెలక్షన్లు. వస్తవా?"

భోజనాల దగ్గర చెప్పాను. ఉదయ్ పెరుగన్నం కలుపుతూ, "శనివారం మా ఆఫీసులో ఫ్యామిలీ డే కదా. అయినా ఈ వయసులో మోకాలికేమైనా అయితే?" అన్నాడు. "హాయిగా ఉండక ఇప్పుడా పరుగులెందుకమ్మా" అన్నారు అత్తగారు. నేను సరే అన్నాను. సరే అనడం నాకు బాగా వచ్చు.

శనివారం అందరం హైటెక్ సిటీలోని ఉదయ్ ఆఫీసుకి వెళ్లాం. బెలూన్లు, బిర్యానీ, మైకులో పాటలు. క్యాంటీన్ వెనక చిన్న కోర్టు ఉంది. కుటుంబాలు కూడా ఆడొచ్చంటే, ఉదయ్ సంబరంగా నన్ను తన టీమ్‌లోకి లాగాడు. కోర్టులో అడుగుపెట్టే ముందు మాత్రం దగ్గరికొచ్చి, "కొంచెం చూసి ఆడు జ్యో. అవతల మా డైరెక్టర్ వెంకటనారాయణ గారున్నారు" అన్నాడు. చూసి ఆడాను. నా తల మీదుగా వెళ్లే బంతుల్ని వెళ్లనిచ్చాను. ఆ పెద్దమనిషి నా పక్కనుంచి బంతి వేసి చేతులెత్తి గెంతుతుంటే నేనూ నవ్వాను.

"నానమ్మా, అమ్మ ఆడట్లేదు. ఊరికే నిలబడింది" అని గట్టిగా అరిచింది ప్రియ.

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నా కూతురు నేను ఆడగా ఎప్పుడూ చూడనేలేదు. అయినా ఆడటమేదో, నిలబడటమేదో దానికి తెలిసిపోయింది. తర్వాతి బంతి రింగుకి కొట్టుకుని పైకి లేచినప్పుడు నేను ఆలోచించలేదు. మోకాళ్లు వాటంతటవే వంగి లేచాయి. భుజాలు వెనక్కి వెళ్లాయి. ఎంత పైకి సాగగలనో అంత పైకీ సాగాను. ఎవరికీ అందని చోట బంతి వచ్చి నా అరచేతుల్లో పడింది, చిన్నప్పుడు వదిలేసిన స్నేహితురాలు చెయ్యి పట్టుకున్నట్టు. ఆ తర్వాత ఎవరు డైరెక్టరో, ఎవరు కాదో నాకు గుర్తులేదు. విజిల్ మోగేసరికి చుట్టూ అందరూ లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. ప్రియ వచ్చి చెమట పట్టిన నా కాళ్లని చుట్టేసుకుంది.

ఉదయ్ ముఖం వెలిగిపోతోంది. "మా ఆవిడ ఇండియాకి ఆడిందండీ" అని అందరికీ చెబుతున్నాడు. "మరెందుకు మానేశారు?" అని అడిగారు వెంకటనారాయణ గారు. "ఏముందండీ, ఇల్లు, పాప... తనే వద్దనుకుంది" అన్నాడు ఉదయ్.

అబద్ధం చెప్పేవాడి ముఖం కాదది. నిజంగా అలాగే నమ్ముతున్నాడు.

తిరుగుదారిలో కొత్తగూడ ఫ్లైఓవర్ మీద బండ్లన్నీ ఆగిపోయాయి. వెనక సీట్లో ప్రియ నానమ్మ ఒళ్లో నిద్రపోయింది.

"నేను వద్దనుకోలేదు ఉదయ్" అన్నాను.

"ఏంటి?"

"ఆట. నేను వద్దనుకోలేదు."

అతను స్టీరింగ్ మీద చేతులుంచి నావైపు తిరిగాడు. "నేనెప్పుడైనా వద్దన్నానా జ్యో?" గొంతులో కోపం లేదు, ఆశ్చర్యమే.

"అనలేదు. ఎవరూ అనలేదు. ఆడతావా అని కూడా ఎవరూ అడగలేదు."

"పిల్లని వదిలి వెళ్తావా అని ముందు అన్నది నేనేరా" అన్నారు అత్తగారు వెనకనుంచి, మెల్లగా, కొడుకుతో. నేను ఫోన్ తీసి వాసంతి మేడమ్‌కి చేశాను. "సెలక్షన్లన్నీ అయిపోయినయ్. నేను ఇంకా ఈడనే ఉన్న" అన్నారావిడ. వస్తున్నానన్నాను. ఉదయ్ వైపు చూసి, "ఇంటికి కాదు, గచ్చిబౌలికి పోనీ" అన్నాను.

స్టేడియంలో మేడమ్ నా మీద జాలి చూపలేదు. ఊపిరాడనంత పరుగెత్తించారు, గెంతించారు, పడితే లేవమన్నారు. చివరికి టవల్ నా భుజం మీద వేసి, "దమ్ము తగ్గింది, బరువు పెరిగింది. ఫికర్ లేదు, సీజన్‌కి ఇంకా టైముంది. సోమవారం పొద్దుగాల ఐదున్నరకి ఈడ ఉండాలె" అన్నారు.

గ్యాలరీ మెట్ల మీంచి ఉదయ్ దిగి వచ్చాడు, నిద్రపోతున్న పిల్లని భుజాన వేసుకుని. మోకాలి గురించి అంటాడనుకున్నాను, వయసు గురించి అంటాడనుకున్నాను. దగ్గరికొచ్చి, కొత్త ఊళ్లో దారి అడిగేవాడిలా మొహమాటపడుతూ అడిగాడు.

"జ్యో, పాప స్కూలు బస్సు పొద్దున ఎన్నింటికొస్తుంది?"

"ఏడుంపావుకి" అన్నాను. "ఈలోపు దానికి రెండు జడలు వెయ్యాలి. రేపు ఆదివారమేగా, కూర్చో, నేర్పిస్తాను."